ఇంజను ఎరిగిన చెయ్యి

జనవరి 9

చిన మేస్త్రీ భార్యకు,

గ్రీజమ్మ అని వీధంతా పిలిచే నేను, వయసు డెబ్బై నాలుగు, ఇంజను పనిలో పెద్ద మేస్త్రీ అనిపించుకుని కాలం చేసిన మనిషి భార్యను, అదే పనిలో చిన మేస్త్రీ అనిపించుకుని మొన్న అక్టోబరులో పట్టపగలు షాపులోనే గుండె ఆగి పోయినవాడి తల్లిని, షాపు వెనక రెండు గదుల్లో ఒంటరిగా కాపురం ఉంటున్నదాన్ని, చదువు రాదు కనక పక్కింటి దర్జీ అమ్మాయి చేత రాయిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మర్యాదలు చేర్చొద్దన్నాను. అందుకే క్షేమమా అని అడగడం లేదు.

నా వ్యాజ్యం వినుకో. మావాడు పాతికేళ్ళు పరాయి బండ్లకు ప్రాణం పోసి, చివరికి ఒక కొత్త మోటారు సైకిలు తన పేరు మీద కొన్నాడు. నల్ల ట్యాంకు. సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఆ ఇంజను ఇంకా అరిగి ఫ్రీ కాకముందే వాడు పోయాడు. నేను కంటి ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని కూర్చున్న పూట చూసి, నువ్వు దాన్ని కూరగాయల లారీ ఎక్కించుకుని బదిలీ అయిన ఊరికి పట్టుకుపోయావు. నీ బట్టల పెట్టె తీసుకెళ్ళావు, అది నీది. కుక్కరు తీసుకెళ్ళావు, పోనీ, నాకు పళ్ళు లేవు, దానికి విజిల్ లేదు. బండి తీసుకెళ్ళడం మాత్రం దొంగతనం.

కొత్త ఇంజను సంగతి నీకు తెలియదు. అది పచ్చి బాలింత. బరువు మోయించకూడదు, ఎత్తు ఎక్కించకూడదు, అరిపించకూడదు. లోపల పిస్టనూ సిలిండరూ కొత్తగా కాపురం పెట్టిన ఇద్దరు మనుషులు. ఇద్దరూ గరుకే. నెమ్మదిగా ఒరుసుకుంటూ ఒరుసుకుంటూ ఒకళ్ళకొకళ్ళు నున్నబడాలి. అప్పటిదాకా బండి ఒక్క చెయ్యి కిందే ఉండాలి. ఆ చెయ్యి బరువు ఇంజనుకు తెలియాలి. నలుగురి చేతులు పడ్డ కొత్త ఇంజను నలుగురు పెంచిన పిల్లాడితో సమానం, ఎవరి మాటా వినదు. ఇది పెద్ద మేస్త్రీ పెట్టిన కట్టడి. ఆయన పోయాక షాపు గుమ్మంలో స్టూలు వేసుకుని, ఇంజను కొత్తగా కట్టించుకుని పోయే ప్రతివాడికీ నేనే చెబుతూ వచ్చాను. మా షాపులో కట్టిన ఇంజను పొగ వదలదని పేరు రావడానికి మావాడి పనితనం సగం, నా నోరు సగం.

ఆ నల్ల బండి ఇంజను మావాడి చెయ్యి కింద సగం అరిగింది. మిగతా సగం ఇంకే చెయ్యి కిందా అరగడానికి వీల్లేదు. వెనక్కి పంపు. వాడు నిలబెట్టిన చోటే నిలబెడతాను. ఎవరూ ముట్టుకోరు.

వేలిముద్ర వేశాను. సిరా లేకపోతే ఇంజను ఆయిలుతో వేశాను. చెరగదులే.

గ్రీజమ్మ


జనవరి 16

అత్తయ్యకు నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మీరు అడగకపోయినా నేను క్షేమం.

మీరు లేని పూట బండి తీసుకురావడం తప్పే. ఉన్న పూట తీసుకురానిచ్చేవారా? రెండుసార్లు అడిగాను. మొదటిసారి గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండోసారి మీరు కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్నారు. నేను నోరు తెరవగానే కుళాయి పూర్తిగా తిప్పేశారు. బకెట్టు నిండి పొంగినా కట్టలేదు. నా మాట ఆ నీళ్ళలో కొట్టుకుపోయింది.

ఇక్కడ నా నర్సు పని ఆసుపత్రిలో కూర్చుని చేసేది కాదు. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చాలి, సూదులు వేయాలి. ఇళ్ళన్నీ ఎత్తు మీద ఒకటి, పల్లంలో ఒకటి. బస్సు కింది వంతెన దాకే వస్తుంది. బండి నాకు పనికోసం కావాలి. సరదాకి కాదు.

ఇంకో సంగతి. బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. నా పేరుకు మార్చాలంటే తల్లిగా మీ అంగీకారం కావాలని రవాణా ఆఫీసు గుమాస్తా చెప్పాడు. ఆ కాగితం దీంతో పంపుతున్నాను. దర్జీ అమ్మాయి చేత చదివించుకుని వేలిముద్ర వేసి పంపండి. కాగితాలు సరిగా లేకుండా బండి మీద పనికి రావద్దని మా పెద్ద డాక్టరమ్మ అంటున్నారు. కొన్నాళ్ళు చూసీచూడనట్టు ఉంటానన్నారు.

కంటి చుక్కలు మధ్యాహ్నం పూట ఎగ్గొడుతున్నారని నాకు తెలుసు. ఎగ్గొట్టకండి.

మీ కోడలు


జనవరి 24

కోడలికి,

చుక్కలు వేసుకుంటున్నాను. అది వేరే సంగతి, దీనికి కలపకు.

నిన్న ఆ కూరగాయల లారీ డ్రైవరు గుమ్మం ముందు లారీ ఆపి దిగాడు. ఎప్పుడూ హారన్ కొట్టి పోయేవాడు దిగాడంటేనే నాకు అనుమానం వచ్చింది.

“పెద్దమ్మా, నీకు చెప్పాలో వద్దో తెలియట్లేదు” అన్నాడు.

“చెప్పొద్దనుకున్నవాడివి బ్రేకు ఎందుకు వేశావురా?” అన్నాను.

“ఎత్తు రోడ్డు మీద చిన మేస్త్రీ బండి చూశాను. ఆయనే అనుకున్నా. అదే తోలు కోటు, అదే ఎర్ర హెల్మెట్టు. బండి అరుచుకుంటూ పైకి లేచింది, అంతలోనే చల్లబడిపోయింది, మళ్ళీ అరిచింది. నా లారీని దాటేసి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. మంచి పోటుగాడే.”

ఎవడే వాడు? నీకు బండి తోలడం రాదు. మావాడి వెనక ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చుని, వీధి చివర కట్టెల అడితి దగ్గర మలుపు తిరిగేదాకా నత్తలా పోయేదానివి. ఈ కళ్ళతో చూశాను, అప్పటికి కన్ను బాగానే ఉంది. అట్లాంటి బండిని ఎత్తు ఎక్కించి గొంతు చించుకునేలా అరిపించేవాడు ఎవడు?

మొగుడు పోయిన మనిషి మళ్ళీ కాపురం చేయకూడదనే రకం కాదు నేను. నీకు ముప్పై ఏడు. రేపు ఫలానావాడిని చేసుకుంటానని రాయి, నేనే వచ్చి ముందు వరసలో కూర్చుంటా. కానీ మావాడి కోటు వాడి ఒంటి మీద వేసి, మావాడి బండి వాడి చేతికిచ్చి, పచ్చి ఇంజనుని కొండ మీదకు తోలిస్తావా? చెప్పు తీసుకొచ్చి నా నెత్తిన కొట్టినా ఇంత నొప్పి పుట్టదు.

లారీ వాడు వచ్చే గురువారం మళ్ళీ అటు వస్తాడు. బండి ఎక్కించు.

గ్రీజమ్మ


ఫిబ్రవరి 1

అత్తయ్యకు,

బండి ఎవరు తోలుతున్నారని మీరు అడగలేదు, తేల్చేశారు. తేల్చేశాక నేను చెప్పేదేముంది. మీరు ఇంతమాట అనుకోగలరని తెలిసిన రోజు రాయాలనిపించలేదు, అందుకే ఆలస్యం.

గురువారం లారీ వచ్చింది. బండి ఎక్కించలేదు.

మొదటి ఆయిలు మార్చే వేళయింది, మార్చాను. పాత ఆయిలు వెలుగులో పెడితే వెండి పొడి మెరిసింది. కొత్త ఇంజనులో అది మామూలే. పారబోశాం.

అంగీకారం కాగితం ఇంకా రాలేదు.

ఇంకా మీ కోడలినే


ఫిబ్రవరి 9

పారబోశాం అని రాశావు. “శాం” అంటే ఎవరూ అని దర్జీ అమ్మాయిని రెండుసార్లు చదివించాను. నువ్వూ వాడూనా?

ఆ ఆయిల్లో మెరిసింది ఏమిటో తెలుసా నీకు? మావాడు తోలినంత మేరా లోపల అరిగిన ఇనుము. వాడి చెయ్యి ఆ ఇంజనులో ఎంత తిరిగిందో అంతా అందులో ఉంది. పెద్ద మేస్త్రీ ఉన్నప్పుడు ప్రతి బండి మొదటి ఆయిలూ గాజు సీసాలో పట్టి కిటికీలో పెట్టేవాడు. బండి గలవాడు వచ్చి చూసుకుని మురిసిపోయేవాడు. నువ్వు దాన్ని ఏ కాలవలోనో కలిపావు. వాడిది అనేది ఈ ఇంట్లో ఏం మిగిలిందని? చొక్కాలు ఉతికేశావు, వాసన పోయింది. స్పానర్లు జనం అడిగి పట్టుకుపోయారు. ఆ ఇంజను ఒక్కటే వాడు సగంలో ఆపిన పని. దాన్నీ ఎవడో పూర్తి చేసేస్తున్నాడు.

నువ్వు పంపిన కాగితం అందింది. స్టూలు ఒక కాలు పొట్టిగా ఉండి ఊగుతోంది, మడిచి దాని కింద పెట్టాను. వేలిముద్ర మాత్రం వేశాను, వేరే కాగితానికి. మన వీధి పంక్చర్ల మేస్త్రీని వెంటబెట్టుకుని రవాణా ఆఫీసుకు వెళ్ళి, ఆ బండిని నా కొడుకు భార్య పేరుకు గానీ ఇంకెవరి పేరుకు గానీ మార్చడానికి తల్లిగా నేను ఒప్పుకోనని రాయించి ఇచ్చాను. మెట్లు నిటారుగా ఉన్నాయి. రెండుచోట్ల కూర్చున్నాను. అయినా ఎక్కాను.

ఇక నీ ఇష్టం, ఆఫీసు ఇష్టం.

గ్రీజమ్మ


ఫిబ్రవరి 21

అత్తయ్యకు,

మీరు ఎక్కిన మెట్ల ఫలితం ఇక్కడికి చేరింది. వంతెన దగ్గర తనిఖీలో బండి ఆపారు. కాగితాలు చూసి, దీని మీద అభ్యంతరం నమోదైంది, తేలేదాకా కదపొద్దన్నారు. పెద్ద డాక్టరమ్మ కూడా ఇక చూసీచూడనట్టు ఉండలేనన్నారు. ఆ రోజు నుంచి నడుస్తున్నాను.

పై ఎత్తులో ఒక ముసలాయన ఉన్నారు. లేతు మిషను పని చేసి చేసి వేళ్ళు వంకర్లు పోయాయి. కాలి మీద పుండు. ప్రొద్దున్నే మార్చాల్సిన కట్టు, నేను నడిచి చేరేసరికి సాయంత్రం అవుతోంది. మానుతున్న పుండు మళ్ళీ చీము పట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “కాళ్ళు నొప్పి పుట్టాయేమో, కాసేపు కూర్చో తల్లీ” అన్నారు. మీ ఉత్తరాలన్నీ కలిపినా నన్ను అంత బాధ పెట్టలేదు.

ఇక దాచడం అనవసరం. తోలేది నేనే. కోటు ఆయనదే, హెల్మెట్టు ఆయనదే. చలికి వేసుకుంటాను. లారీ డ్రైవరుకు చెయ్యి ఊపింది నేనే, మన వీధి మనిషి కదా అని. “పారబోశాం” అన్నది నేనూ, ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరూ. ఆయన స్పానరు ఇచ్చాడు, నేను బోల్టు విప్పాను. ఆయనకు అరవై ఏళ్ళు, మనవలున్నారు.

ఇంకా వినండి. అడితి మలుపు దాకా నేను ఆయన వెనక ఒక పక్కకు కూర్చునేదాన్ని, మీరు చూసింది నిజం. మలుపు తిరగగానే ఆయన బండి ఆపి దిగేవారు. నేను ముందుకు జరిగేదాన్ని, ఆయన వెనక కూర్చునేవారు. మొదటి రోజు నుంచీ అంతే. బండి కొన్నదే నా కోసం. బదిలీ ఎప్పటికైనా తప్పదని ఇద్దరికీ తెలుసు. నా పేరు మీద కొంటే మీకు చెప్పాల్సి వస్తుందని ఆయన పేరు మీద కొన్నారు.

తోలే పద్ధతీ ఆయన నేర్పిందే. ముందు ఇంజను వేడెక్కాలి. తర్వాత గేరులో ఉంచి గట్టిగా లాగాలి. లాగి, ఎక్సలేటరు పూర్తిగా వదిలేసి, బండి తనంతట తాను నెమ్మదించేదాకా ఆగాలి. మళ్ళీ లాగాలి. ఎత్తు రోడ్డు అయితే ఇంకా మంచిది. లాగినప్పుడు పిస్టను చుట్టూ ఉండే రింగులు సిలిండరు గోడకు ఒత్తుకుని దాన్ని నున్న చేస్తాయి, వదిలినప్పుడు ఆయిలు ఆ అరిగిన పొడిని కడిగి తీసుకెళ్తుంది. ఒకే వేగంలో నెమ్మదిగా పోతే రింగులు సరిగా కూర్చోవు, గోడకు ఊరికే మెరుపు పడుతుంది, తర్వాత జన్మంతా పొగే. ఆయన వెనక కూర్చుని కళ్ళు మూసుకుని వినేవారు. భుజం మీద ఒకసారి తడితే లాగమని, రెండుసార్లు తడితే వదలమని. ఇప్పుడు తట్టేవాళ్ళు లేరు. అయినా ఎక్కడ లాగాలో ఎక్కడ వదలాలో నా భుజానికి తెలుసు.

నాకే కాదు. మీరు స్టూలు మీంచి నెమ్మది నెమ్మది అని చెప్పి పంపిన ప్రతివాడికీ, ఆయన వెనకే అడితి మలుపు దాకా నడిచి వెళ్ళి ఇదే చెప్పేవారు.

ఒక్క చెయ్యి కింద అరగాలన్నారు. ఆ చెయ్యి నాదే. ఆయన చెయ్యి ఆ ఎక్సలేటరు మీద ఉన్నది మన గుమ్మం నుంచి మలుపు దాకానే. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. కాగితాలు లేని బండి నాకు పనికి రాదు. గురువారం లారీలో మీకు పంపేస్తున్నాను. మీరు చెప్పిన చోటే నిలబెట్టుకోండి.

కోడలు


మార్చి 4

బండి చేరింది. లారీ వాడూ పంక్చర్ల మేస్త్రీ కలిసి పలక వేసి దించారు. ఎక్కడా గీత పడలేదు.

నీ ఉత్తరం దర్జీ అమ్మాయి సగం చదివి ఆగింది. “ఏమే, గొంతులో ఏం పడింది?” అన్నాను. “మిగతాది రేపు చదువుతా అత్తా” అంది. “ఇప్పుడే చదువు” అన్నాను. చదివింది. చదివి తల ఎత్తలేదు. అప్పుడే నాకు అర్థమైంది, దీనికి ముందే తెలుసు.

పంక్చర్ల మేస్త్రీని పిలిచాను. చక్రం చేత్తో పట్టుకుని వచ్చాడు.

“నీకు తెలుసా?”

“ఏది పిన్నీ?”

“అడితి మలుపు.”

వాడు చక్రం కింద పెట్టాడు. “తెలుసు.”

“ఎన్నాళ్ళుగా?”

“నా బండి ఇంజను మీవాడు కట్టినప్పటి నుంచి. మా పిల్లలు బడికి కూడా వెళ్ళడం లేదప్పుడు. ఇప్పుడు పెద్దాడికి మీసాలొచ్చాయి.”

“మరి నాకు ఎందుకు చెప్పలేదురా?”

“నీకు చెప్పే మొనగాడు ఈ వీధిలో ఇంకా పుట్టలేదు పిన్నీ. పుట్టినా మీవాడు బతకనిచ్చేవాడు కాదు. అమ్మ మాటకు తల ఊపి, మలుపు దాకా నెమ్మదిగా పొండి, అది మాత్రం తప్పితే మళ్ళీ నా షాపు గుమ్మం ఎక్కొద్దు అనేవాడు.”

టీ కొట్టువాడికి తెలుసు. అడితి గుమాస్తాకు తెలుసు. వాడైతే కుర్చీ కూడా వేసి ఉంచేవాడట, చెప్పే సేపు కూర్చోవడానికి. వీధి వీధంతా నా ముందు తల ఊపి, నా వెనక తిరిగి నా మాట తీసి అడితి దగ్గర పారేసి పోయింది. నేను స్టూలు మీద కూర్చుని, చూడండర్రా ఎంత బుద్ధిగా పోతున్నాడో అనుకున్నాను.

సరే, బండి చూద్దామన్నాను. పంక్చర్ల మేస్త్రీ స్టార్టు చేశాడు. వేడెక్కాక సైలెన్సరు దగ్గర తెల్లగుడ్డ పట్టి ఎక్సలేటరు తిప్పమన్నాను. పెద్ద మేస్త్రీ అట్లాగే చూసేవాడు. గుడ్డకు కన్ను ఆనించి చూశాను. కట్టు విప్పిన కన్ను, ఇప్పుడు బాగానే కనిపిస్తోంది. చమురు మరక లేదు. చెవి పెట్టాను. లోపల ఎక్కడా గరగర లేదు. పాలు పొంగే ముందు చప్పుడులా ఉంది. ఇంత చక్కగా అణిగిన ఇంజను ఈ మధ్య నేను వినలేదు.

దాని కంటే పొగ వదిలితే బాగుండేది నాకు.

నా నోరు సగం అని రాయించాను నీకు. ఆ సగం ఏమైందే? ఇన్నాళ్ళూ ఆ గుమ్మంలో నేను చేసిందేమిటి? నిన్ను తిట్టాలని కూర్చున్నాను, నువ్వు వాడు చెప్పింది చేసిన మనిషివి, తిట్టు నీకు అంటట్లేదు. తిట్టాల్సింది వాణ్ణి. రెండు రోజులు తిట్టాను, షాపు తలుపులు వేసుకుని. గుక్క తిప్పుకోకుండా తిట్టాను. ఎప్పుడూ తిడితే “అయిందా అమ్మా, టీ పెట్టనా?” అనేవాడు. తిట్టు తిట్టినట్టే గోడకు తగిలి నా దగ్గరికే వచ్చింది. అప్పటిదాకా వాడు పోయాడని నలుగురూ చెబితే విన్నాను గానీ నాకు తెలియలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. ముసలిదాన్నని మెత్తగా రాయకు. వాడు నాకు ఎందుకు చెప్పలేదు? నన్ను చూసి నవ్వుకున్నారా ఇద్దరూ?

గ్రీజమ్మ


మార్చి 13

అత్తయ్యకు,

మెత్తగా రాయడం లేదు. ఉన్నదే రాస్తున్నాను.

నేను నవ్వాను, మొదట్లో ఒకసారి. ఆయన నవ్వలేదు. బండి రోడ్డు పక్కన ఆపించి, ఇంకెప్పుడూ ఆ విషయంలో నవ్వొద్దన్నారు.

మామయ్య పోయాక మీరు చాలా రోజులు గదిలోంచి రాలేదట. ఇంత ముద్ద లోపలికి పోయేది కాదట. ఒకరోజు ఎవరో ఇంజను కట్టించుకుని బండి తీసుకెళ్ళబోతుంటే, మీరు లోపలి నుంచి విని, జుట్టు ముడి వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చి, “ఒరే, అది పచ్చి బాలింత, నెమ్మదిగా తీసుకెళ్ళు” అన్నారట. ఆ రోజు మీరు కడుపునిండా తిన్నారట. మర్నాడు స్టూలు వేసుకున్నారట. నాన్న కాలం ఇంజన్లకు ఆ మాట సరైనదే, ఈ కాలం వాటికి సరిపడదు అని అప్పటికే ఆయనకు తెలుసు. చెప్పడానికి గుమ్మం దాకా వచ్చి, మిమ్మల్ని స్టూలు మీద చూసి, వెనక్కి తిరిగి పనిలో పడ్డారట. “ఆ మాట తీసేస్తే అమ్మను మళ్ళీ గదిలోంచి బయటికి తెచ్చే మాట నా దగ్గర ఇంకొకటి లేదు” అన్నారు నాతో.

దీని మీద ఆయనకూ నాకూ పోట్లాటలయ్యాయి. ఇది గౌరవం కాదు, ఆవిడను పిల్లను చేసి ఆడించడం అన్నాను. నా మాట ఆయనకు తగిలింది. ఈ ఇంజను ఫ్రీ అవనీ, అప్పుడు అమ్మను నీ వెనక కూర్చోబెట్టి మలుపు దాటిద్దాం, ఎత్తు మీద నువ్వు ఒకసారి లాగి వదిలితే ఆవిడ చెవికి తెలిసిపోతుంది, మనం నోరు విప్పక్కర్లేదు అన్నారు. తిడుతుందేమో అన్నాను. ముందు తిడుతుంది, తర్వాత రింగుల సంగతి అడుగుతుంది అన్నారు. అది అక్టోబరు మొదటి వారం.

ముసలాయన పుండు ఎట్లా ఉందని మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. ఇంకా పచ్చిగానే ఉంది.

మీ కోడలు


మార్చి 20

కోడలికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. పిల్లను చేసి ఆడించడం అన్నావు చూడు, ఆ మాట దగ్గర ప్రతిసారీ ఆపించాను. నా కడుపున పుట్టినవాడితో నా తరఫున పోట్లాడిన మనిషివి నువ్వు ఒక్కదానివే. వాడి మీద కోపం పోలేదు. పోనివ్వను కూడా. అది ఉన్నన్నాళ్ళు రోజూ వాడితో నాలుగు మాటలు అంటుంటాను.

నిన్న మళ్ళీ రవాణా ఆఫీసు మెట్లు ఎక్కాను. అదే గుమాస్తా.

“మొన్న వద్దన్నావు, ఇవాళ కావాలంటున్నావు, అవ్వా, ఏదో ఒకటి తేల్చుకో. బండి ఎవరిది?” అన్నాడు.

“మొన్న తెలియక ఒక చెయ్యి అనుకున్నాను. ఇంకో చెయ్యి అని తేలింది. రాసుకో” అన్నాను.

“చేతులు కాదవ్వా, హక్కు అడుగుతున్నా.”

“మా షాపులో హక్కంటే అదే.”

వాడికి అర్థం కాలేదు. వాడికి అర్థం కావాల్సిన పనీ లేదు. స్టూలు కింద నుంచి తీసి నేను వేలిముద్ర వేసిన నీ కాగితం మీద ముద్ర కొట్టాడు. అక్కడ ఇచ్చిన వాంగ్మూలం నీకు కూడా తెలియాలని కింద రాయిస్తున్నాను.

గ్రీజమ్మ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, కన్నూ చెవీ సరిగా ఉండగా చెప్పేది ఏమంటే: నల్ల ట్యాంకు మోటారు సైకిలు నా కొడుకు పేరు మీద ఉన్నా, మొదటి రోజు నుంచీ దాని ఇంజను అరిగింది నా కోడలి చెయ్యి కింద. కొత్త ఇంజను ఏ చెయ్యి కింద నున్నబడితే ఆ చేతిదే అని మా షాపు కట్టడి. ఆ కట్టడి నేనే పదిమందికీ చెప్పాను కనక ముందు నేను దానికి కట్టుబడాలి. ఇది దానం కాదు, దయ కాదు. దానిది దానికి వదులుతున్నాను. మొదట పెట్టిన అభ్యంతరం కొట్టివేయవలసింది.

ఇక బండి లారీలో పంపను. ఆదివారం నువ్వే బస్సులో వచ్చి తీసుకెళ్ళు. ఆ పుండు మనిషికి సోమవారం పొద్దున్నే వస్తానని ఇవాళే చెప్పు, మాట తప్పకు.

బయలుదేరే ముందు నన్ను ఎక్కించుకోవాలి. ఒక పక్కకు కూర్చోను, పడతాను. రెండువైపులా కాళ్ళు వేసుకునే కూర్చుంటాను, దర్జీ అమ్మాయి అందుకు తగ్గట్టు బట్ట కుడుతోంది. అడితి గుమాస్తా, టీ కొట్టువాడు, అందరూ చూస్తూ ఉండగా మలుపు దాటించు. దాటాక ఎత్తు మీద ఎంత లాగాలో అంతా లాగు. నా మొహం చూసి నెమ్మది చేశావో, వెనక నుంచి డొక్కలో పొడుస్తాను.

రింగులు కూర్చోవడమంటే ఏమిటో మాత్రం నాకు విడమరిచి చెప్పు. రేపు గుమ్మంలోకి ఎవడైనా వస్తే నేను సరిగ్గా చెప్పాలి.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించగా, నా మాటలే అని ఒప్పుకుని వేసిన గ్రీజమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
పంక్చర్ల మేస్త్రీ, మలుపు సంగతి దాచినవాడు.
దర్జీ అమ్మాయి, మలుపు సంగతి దాచి, ఈ ఉత్తరాలన్నీ రాసినది.